ఉడుత వీపుమీది చారలు: పసివారి తొలి చదువు, ప్రకృతి చిత్రపుస్తకములు

ఢిల్లీ నగరములో ఒక ప్రభుత్వోద్యోగుల నివాసమునందు, రెండవ అంతస్తు వరండాలో ఆరేండ్ల పాప యొకతె తెలుగు బొమ్మల పుస్తకమును ముందు పెట్టుకొని చదువుచుండగా నేను ప్రక్కనే కూర్చుండి యుంటిని. చదువుట యనునది ఇచ్చట కొంచెము పెద్దమాట. అక్షరముమీద వ్రేలుంచి, లోలోపల కూడబలుకుకొని, పిమ్మట గట్టిగా పలుకుచున్నది. పుటకొక బొమ్మ, బొమ్మక్రింద మూడు మాటలు. ‘ఉడుత చెట్టు ఎక్కింది.’ ‘చెట్టు’ అను మాటకడ వ్రేలాగినది. కన్ను బొమ్మమీదికి పోయినది, తిరిగి వచ్చినది, నోరు ‘చెట్టు’ అన్నది. అంతటితో ఆ పుట ముగిసినదని నేననుకొంటిని. పాప మాత్రము పుస్తకమును బోర్లించి లేచి, కమ్మీల సందునుండి ఎదుటి వేపచెట్టువైపు చాలసేపు చూచి వచ్చి, “తాతయ్యా, ఉడుతకు అయిదు చారలున్నాయి. అమ్మమ్మ మూడే అని చెప్పింది” అన్నది.

అమ్మమ్మ చెప్పిన కథ తెలుగువారి యిండ్లలో అందరు నెరిగినదే. సేతువు కట్టునాడు ఇసుక మోసిన ఉడుతను రాముడు మూడు వ్రేళ్ళతో నిమిరెననియు, ఆ వ్రేళ్ళ జాడలే దాని వీపుమీది చారలనియు చెప్పుదురు. ఆ అమ్మమ్మ పుట్టి పెరిగిన ఖమ్మము ప్రాంతమున, దక్షిణదేశపు పెరళ్ళన్నిటియందువలెనే, ఎక్కువగా కనుపించు ఉడుతకు నిజముగా మూడు చారలే. ఉత్తరదేశపు ఉడుత వేరుజాతి. దానికి నడుమనున్న మూడింటికి తోడు ప్రక్కలను మరి రెండు సన్నని చారలుండును. జంతుశాస్త్రజ్ఞులు రెండింటికిని వేరువేరు పేర్లు పెట్టియున్నారు. పుస్తకములోని బొమ్మను వేసినవారు తమ యెదుట తిరిగిన ఉడుతను చూచినది చూచినట్లు వేసిరి. అమ్మమ్మ అబద్ధమాడలేదు, బొమ్మయు అబద్ధమాడలేదు. పాపకు మాత్రము ఆ సాయంకాలము ఒక గొప్ప సంగతి తెలిసినది: అచ్చులో నున్నదానిని బయటికి పోయి సరిచూచుకొనవచ్చును.

ప్రకృతి చిత్రపుస్తకములను గూర్చి వ్రాయువారు సాధారణముగా బొమ్మల అందమును, కాగితపు నునుపును, వాక్యముల పొట్టితనమును ఎంచుదురు. ఇవి యన్నియు ఉండవలసినవే. కాని ఈ జాతి పుస్తకమునకు తక్కిన బాలసాహిత్యమునకు లేని లక్షణ మొకటి కలదు. వేటకు పోయి ఏడు చేపలు తెచ్చిన రాజకుమారుల కథను పిల్లవాడు విని సంతోషింపవలసినదే కాని పరీక్షింపజాలడు. చీమను గూర్చిన వాక్యమును, వానను గూర్చిన వాక్యమును పరీక్షింపగలడు. గురువును, పుస్తకమును, పెద్దలను నమ్ముటయే పనిగా నున్న వయస్సులో వానికి ఇది యొక్కటే అధికారము. అందుచేత ఇట్టి పుస్తకమును తూచుటకు నాకు తోచిన తక్కెడ యొకటి యున్నది. అది పిల్లవానిని కిటికీదాక పంపి తిరిగి పుటకడకు రప్పించుచున్నదా? పంపనిచో ఆ బొమ్మ గోడకు తగిలించుకొనదగినది. రప్పింపనిచో అందులో అక్షరములు అచ్చువేయుట వృథావ్యయము.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1658లో న్యూరెంబర్గు పట్టణమున వెలువడిన కొమీనియసు పండితుని ‘ఆర్బిస్ పిక్టస్’ పిల్లలకై వేసిన బొమ్మల పాఠ్యపుస్తకములలో ఐరోపా కంతటికిని పెద్దదిక్కు. అందులో అక్షరమాల ప్రాణుల కూతలతో మొదలగును. మొదటి బొమ్మ కాకి. దాని కూత మొదటి అచ్చు. తరువాత గొఱ్ఱెపిల్ల అరపు, గాలి వీచు చప్పుడు, పెద్దబాతు కూత, ఒక్కొక్కటి ఒక్కొక్క అక్షరమునకు తోడు. అక్షరము చెవికి ముందే తెలిసిన ధ్వనికి గుర్తని ఆయన చూపినాడు. మన పెద్దబాలశిక్ష దారి వేరు. అది ఋతువులను, నక్షత్రములను, రాసులను, సంవత్సరములను వరుసగా కూర్చి కంఠస్థము చేయించినది. ఆ పద్ధతిని ఎగతాళి చేయువారితో నేను చేరను. పేర్ల పట్టిక నాలుకకు మంచి సాము. కాని పట్టికలోని చెట్టుకు నీడ యుండదు. వంగదేశమున రవీంద్రనాథుడు 1930లో ప్రకటించిన ‘సహజ్ పాఠ్’కు నందలాల్ బోస్ బొమ్మలు సమకూర్చెను. నలుపు, తెలుపు, అంతే. రంగులే పసివారి పుస్తకమునకు ప్రాణమనువారు దానిని ఒక్కమారు తెరచి చూడవలెను.

స్వాతంత్ర్యానంతరము ఢిల్లీ బాలల పుస్తకములకు ఒక కేంద్రమైనది. చిత్రకారుడు శంకర్ స్థాపించిన చిల్డ్రన్స్ బుక్ ట్రస్టు, ప్రభుత్వము నెలకొల్పిన నేషనల్ బుక్ ట్రస్టు, రెండును 1957లో పుట్టినవే. నేషనల్ బుక్ ట్రస్టు 1970లో నెహ్రూ బాలపుస్తకాలయ మను మాలను ప్రారంభించినది. ఒకే బొమ్మలతో ఒక పుస్తకమును పెక్కు భారతీయభాషలలో వెలువరించుట ఆ మాల పద్ధతి. ఇందలి యుక్తి అచ్చుపని తెలిసినవారికి వెంటనే బోధపడును. రంగుల బొమ్మలు అన్ని భాషలకును ఉమ్మడి. అక్షరముల నలుపు మాత్రము భాష భాషకు మారును. ఖర్చు పంచుకొనబడును, వెల తగ్గును. సామాన్యుని యింటి పిల్లవాని చేతికి రంగుల పుస్తకము వచ్చినదన్న ఇట్టి యేర్పాటు వలననే. దానిని కొనియాడిన పిమ్మటనే దాని యిబ్బందులను చెప్పుట న్యాయము.

మొదటి యిబ్బంది అనువాదకునిది. బొమ్మ మారదు, బొమ్మక్రింది చోటు పెరుగదు, హిందీలోనో ఆంగ్లములోనో పుట్టిన వాక్యము ఆ చోటులోనికి తెలుగై దిగవలెను. అనువాదకుడు చదువుకొన్నవాడు గనుక వాని చేతికి మొదట తగులునది చదువుకొన్న మాట. ‘పక్షి వృక్షముపై కూర్చుండెను’ అని వ్రాయుటకు ఒకప్పుడు ఎవరును వెనుదీయలేదు. (ఈ వ్యాసము నడచుచున్న భాషలో పసివానికి పుస్తకము వ్రాయరాదని నాకును తెలియును.) నేటి పుస్తకములలో ‘కూర్చుండెను’ పోయి ‘కూర్చుంది’ వచ్చినది, గిడుగు రామమూర్తిగారి శ్రమ అంతవరకు ఫలించినది. ‘పక్షి’ మాత్రము ఇంకను కొమ్మ దిగలేదు.

‘పక్షి’తో పిల్లవానికి రెండు కష్టములు. ఒకటి, అది వాని నోట లేదు. ఇంటిలో విన్నది ‘పిట్ట’. రెండు, ‘క్ష’ అను సంయుక్తాక్షరము. దీనికి బదులుగా, ‘పిట్ట’లో మాత్రము ఒత్తు లేదా అని అడుగుదురు. ఉన్నది. ఇచ్చటనే మన వాచకముల క్రమమును గూర్చి కొంత నిలిచి చెప్పవలసి యున్నది. అచ్చులు, హల్లులు, గుణింతములు, ఆ తరువాత ఒత్తులు. ఇది వాడుకలోనున్న వరుస. ఒత్తులు వచ్చుదాక ఒత్తులేని మాటలనే చూపుదురు. కాని మన యింటిచుట్టు నున్న ప్రకృతిని చూడుడు. చెట్టు, కొమ్మ, మొగ్గ, పువ్వు, గడ్డి, మబ్బు, పిట్ట, కప్ప, నక్క, పిల్లి, కుక్క. అన్నియు జంటహల్లులే! తెలుగుమాటకు ద్విత్వము పుట్టుమచ్చ వంటిది. ఒత్తులు నేర్చుదాక ఇవి రాగూడదన్నచో పిల్లవాని తొలి ప్రకృతి పుస్తకములో చెట్టుండదు, పువ్వుండదు, పిల్లి యుండదు. ఆవు, మేక, ఈగ, చీమ, ఉడుత మాత్రము చెట్టులేని బయలులో తిరుగుచుండును. ఉడుత పాపము ఎక్కడ ఎక్కవలెను?

బొమ్మల పుస్తకము ఈ చిక్కును విప్పగలదు. పిల్లవాడు ‘చెట్టు’ను చూచి టకారము, దానిక్రింద టవత్తు అని విడదీయడు. బొమ్మ చూచి, నోటనున్న మాటను తలచుకొని, ఆ మాట మొత్తముయొక్క రూపును పోల్చుకొనును. నాలుగు పుటలలో ‘చెట్టు’ నాలుగుమారులు వచ్చినచో క్రిందనున్న ఆ గుర్తేమో తానే ఊహించును. తరువాత ‘పిట్ట’ వచ్చినపుడు ఆ గుర్తును మరల పట్టుకొనును. బొమ్మ చూచి ఊహించుట దొంగచదువని ఆక్షేపించువారు కలరు. ఆ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. పుస్తకమంతయు గడగడ అప్పజెప్పి, చేతితో బొమ్మను కప్పినంతనే మూగవోయిన పిల్లలను నేనును చూచితిని. కావుననే అక్షరములు నేర్పుట మానరాదు. చిత్రపుస్తకము వాచకమునకు తోడు కాని మారు కాదు. పుస్తకమును కూర్చువారికిని ఇందులో ఒక బాధ్యత యున్నది. మొదటి పుటలో చెట్టంతయు కనుపించినచో ఆరవ పుటలో ఉడుత మాత్రమే కనుపించి, చెట్టు మాటలో మిగిలిపోవలెను. అప్పుడు పిల్లవాడు చదివెనో లేదో పిల్లవానికే తెలియును.

పొట్టి మాట సులభమనియు, పొడుగు మాట కష్టమనియు పెద్దల కొక నమ్మకము. ‘సీతాకోకచిలుక’ ఏడక్షరముల మాట. వెదకినను ఒక్క ఒత్తు లేదు. పుటమీద అంత పొడుగైనది మరొకటి లేకపోవుటచేతనే పిల్లవాడు దానిని, రైలుబండిని పోల్చినట్లు, దూరమునుండియే పోల్చును. చదువగలిగితినను గర్వముతో రెండుమారులు చదువును. దానిని చూచి భయపడి ‘పురుగు’ అని దిద్దు సంపాదకుడు పిల్లవానికి చేయు మేలేమియు లేదు.

పేరు ఎంత నిర్దిష్టమైన అంత మంచిది. ‘పక్షి’ కంటె ‘పిట్ట’ మేలైనట్లే, ‘పిట్ట’ కంటె ‘గోరింక’ మేలు. ఢిల్లీలో పిల్లవాని కిటికీమీద వ్రాలునది పావురము, గోరింక. మధ్యాహ్నపు టెండలో పైన తిరుగునది గద్ద. ప్రొద్దు క్రుంకునపుడు కేకలు వేయుచు గుంపుగా పోవునవి చిలుకలు. పుస్తకములలో మాత్రము విడువక కనుపించునది పిచ్చుక. 2012లో ఢిల్లీ ప్రభుత్వము ఊరపిచ్చుకను రాష్ట్రపక్షిగా ప్రకటించినది. అది కనుమరుగగుచున్నదను విచారమే అందుకు హేతువు. పిచ్చుకను పుస్తకములనుండి వెడలగొట్టుమని నేననను. పావురమునకు కొంత చోటిమ్మని యడుగుదును. పావురము అందమైన వస్తువు కాదని చిత్రకారులు తలతురు కాబోలు. దాని మెడమీద ఎండ పడినపుడు పచ్చయు ఊదాయు కలిసి మెరయుట చూచినవారు అట్లనరు.

జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 2008లో ఒకటి, రెండు తరగతుల పిల్లలకై హిందీలో ‘బరఖా’ అను మాలను వెలువరించినది. నలుబది చిన్న పుస్తకములు, నాలుగు మెట్లు, అయిదు విషయములు. ఇది ప్రకృతిమాల కాదు. పిల్లల యిండ్లలో నిత్యము జరుగు సంగతులే దాని వస్తువు. అయినను ప్రకృతి పుస్తకమును కూర్చువారు దానినుండి గ్రహింపదగినది కలదు. పిల్లవానికి తెలిసిన సంగతియే వానికి తెలియని అక్షరమును మోయగలదను విశ్వాసము అందులో మొదటి మెట్టునుండియు కనుపించును.

బొమ్మ సత్యముగా నుండవలెనన్నచో ఎంతవరకు? ఎరిక్ కార్ల్ 1969లో ప్రకటించిన ఆకలిగొన్న గొంగళిపురుగు పుస్తకము దీనికి మంచి పరీక్ష. పిల్లల వ్రేళ్ళు దూరునట్లు పుటలకు చిల్లులు. పండ్లు, అంకెలు, వారముల పేర్లు, అన్నియు ఒక పురుగు తిండిలో ఇమిడిపోయినవి. చదువు నేర్చువానికి అంతకంటె ప్రియమైన యేర్పాటు అరుదు. కాని చివర ఆ పురుగు గూడు కట్టుకొని అందుండి సీతాకోకచిలుకయై వెలువడును. సీతాకోకచిలుక సాధారణముగా అట్టి గూడు కట్టదు. దాని ప్యూపా గట్టిపడిన తన చర్మమే కప్పుగా వ్రేలాడుచుండును. దారముతో గూడు చుట్టుకొనునది పట్టుపురుగు, దాని బంధువులైన చిమ్మటలు. న్యూయార్కు పిల్లవాడు దీనిని గమనింపకపోవచ్చును. పట్టుగూళ్ళ అంగడిగల హిందూపురపు పిల్లవానిని మోసగించుట కష్టము. చంద్రికలలో పురుగులు గూళ్ళు కట్టుట వాడు ఇంటిలోనో పొరుగింటిలోనో చూచియుండును. అందుండి వచ్చునది తెల్లని చిమ్మట యనియు ఎరుగును. ఇంత మాత్రమున ఆ పుస్తకమును త్రోసిపుచ్చుట మూర్ఖత్వము. నేనైనచో దానిని పిల్లవానికిచ్చి, ప్రక్కన ఒక పట్టుగూటిని పెట్టి, ఏమియు మాటాడక ఊరకుందును.

ఇంతవరకు చెప్పినదానికి విరుద్ధమైన సాక్ష్య మొకటి కలదు. దానిని దాచుట ధర్మము కాదు. సోవియట్ కాలమున మాస్కోలో తెలుగున అచ్చయి, విశాలాంధ్రవారి దుకాణములలో చౌకగా దొరికిన బొమ్మల పుస్తకములతో తెలుగుపిల్లలు పెక్కుమంది పెరిగిరి. వానిలో నున్నవి మంచు, భూర్జవృక్షములు, గోధుమరంగు ఎలుగుబంట్లు. ఒక్కటియు మన కిటికీనుండి కనుపింపదు. 1991లో సోవియట్ రాజ్యము అంతరించినను ఆ పుస్తకములను వెదకి పోగుచేసి దాచుకొన్నవారు నేటికిని కలరు. చెరూషిన్ వేసిన జంతుపిల్లల బొచ్చు కాగితముమీద చేతికి మెత్తగా తగులునేమో యనిపించును. మరి నా కిటికీ తక్కెడ యేమైనట్లు? నా సమాధానము సంపూర్ణమైనది కాదు. ఆ పుస్తకములను ప్రేమించినవారిలో హెచ్చుమంది అప్పటికే చదువ నేర్చినవారు, లేదా చదివి వినిపించు పెద్దలు గలవారు. చూడని మంచును ఊహించుటకు చదువు కొంత వచ్చియుండవలెను. ఆ చదువు వచ్చుటకు చూచిన చీమ యొకటి కావలెను. అయినను, చూడని ఎలుగుబంటి కొరకే అక్షరములు నేర్చిన పిల్లవాడు ఎచ్చటనో ఒకడు ఉండియే యుండును. వాడు నన్ను క్షమించుగాక.

ఢిల్లీలోని తెలుగుపిల్లవాని చిక్కు మరియొక విధమైనది. హిందూపురములో చీమకు వీధిలోను పుస్తకములోను ఒకటే పేరు. ఢిల్లీలో వీధి దానికి వేరు పేరు పెట్టియున్నది. ‘ఉడుత’ అని చదివి కిటికీదాక పోయినవాడు ‘గిలహరీ’ అను మాటతో తిరిగి వచ్చును. 1948లో దుర్గాబాయమ్మగారు స్థాపించిన ఆంధ్ర విద్యాసంఘపు పాఠశాలలవంటివి తెలుగక్షరమును ఇయ్యగలవు. వేపచెట్టుక్రింద నిలిచి ‘వేప’ అనుటకు మాత్రము ఇంటిమనిషి కావలెను. కావున ఇచ్చట ఈ పుస్తకమునకు చదువరులు ఇద్దరు. రెండవవారు పెద్దవారు, చాల సందర్భములలో తొలి చదువరులే. కర్తవ్యపథమున కిరుప్రక్కల నిలిచినవి నేరేడుచెట్లనియు, జనపథమున నున్నది తెల్లమద్ది యనియు, చలి వెనుకపట్టునపుడు ఆకులులేని కొమ్మలనిండ ఎఱ్ఱగా పూయునది బూరుగనియు ఎందరు తెలుగు తలిదండ్రులు చెప్పగలరు? ప్రదీప్ క్రిషన్ 2006లో ఢిల్లీ వృక్షములను గూర్చి ప్రకటించిన ఆంగ్లగ్రంథము చెట్టును పోల్చుకొనుటకు చక్కని సాధనము. తెలుగుపేరు మాత్రము మరల ఇంటి పెద్దలనే అడుగవలెను. మే నెలలో అమృతా షేర్‌గిల్ మార్గమున పసుపుపచ్చని పూలగుత్తులు దీపములవలె వ్రేలాడు చెట్లను చూచి ఆ పాప వాని పేరడిగినది. తల్లికి ‘అమల్తాస్’ అని మాత్రమే తెలియును. “అది రేల గదే, మా వైపు అడవుల్లో ఎంత పూస్తుందో” అన్నది అమ్మమ్మ. రెండక్షరములు, ఒత్తులేదు. పాప దానిని పుస్తకపు అట్టలోపలి ఖాళీచోటున పెన్సిలుతో వ్రాసికొన్నది.

ఇట్టి పుస్తకమును పిల్లవానితో కూర్చుండి చదువునపుడు పెద్దలు చేయు పొరపాటొకటి యున్నది. బొమ్మమీద వ్రేలుంచి ‘ఇదేమిటి?’ అని అడుగుదురు. తనకు తెలిసినదానిని అడుగువాడు పిల్లవాని దృష్టిలో నమ్మదగినవాడు కాడు. అది పరీక్ష యని వానికి వెంటనే తెలియును, నోరు బిగియును. తెలియనిదానినే అడుగవలెను. బొమ్మలో వేపాకు అంచు రంపపు పళ్ళవలె నున్నదే, మన చెట్టు ఆకుకును అట్లే యుండునా? అడిగినవారికి నిజముగా జ్ఞాపకము లేనిచో పిల్లవాడు క్రిందికి పరుగెత్తి ఆకు తెచ్చును. తెచ్చిన ఆకును పుటమీద పెట్టి చూచునపుడు క్రిందనున్న ‘వేప’ అను రెండక్షరములును వాని కన్నులబడును. ఆ కొలది నిమిషములలో జరుగు చదువు ముప్పదిమారులు వల్లించుటవలన కలుగునో లేదో నాకు సందేహమే.

పాప పుస్తకములో చివరి పుటమీద ఒక కాకి యున్నది. తలనుండి తోకదాక కాటుకవంటి నలుపు. మన యిండ్లమీద వ్రాలు ఊరకాకికి మెడచుట్టు బూడిదరంగుండును. ఢిల్లీలోను అంతే, ఖమ్మములోను అంతే. ఆమె దానిని ఇంకను చూడలేదు. నేను చెప్పలేదు.